ప్లేటు చివర చెప్పే పేరు

1928 ఫిబ్రవరి 5, ఆదివారం. గుడ్లవల్లేరు కాలవ లాకు.

పడవలు పధ్నాలుగు. ధాన్యం తొమ్మిది, ఇటుక రెండు, ఖాళీవి మూడు. నీటిమట్టం నిన్నటిదే.

నిన్న గుడివాడలో వెంకటపతి పోయాడు.

నేను అక్కడే ఉన్నాను. నాటకం చూసి పొద్దున రైలుకి వచ్చాను. రాణి వేషం కట్టాడు. కొడుకును పోగొట్టుకున్న రాణి పాడే పద్యం అందుకోగానే పందిరంతా నిశ్శబ్దమైంది. అయ్యాక వన్స్‌మోర్ అన్నారు. పాడాడు. మళ్ళీ అన్నారు. హార్మోనియం మనిషి వైపు చూసి నవ్వి మళ్ళీ పాడాడు. మూడోసారి కూడా కేక వినబడింది. మళ్ళీ ఎత్తుకుని, సగంలో, పైట సర్దుకుంటున్నట్టు చెయ్యి గుండె మీద పెట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. అదీ నటనే అనుకుని చప్పట్లు కొట్టాం. చాలాసేపు కొట్టాం.

ముప్ఫై నాలుగేళ్ళ మనిషి. కంచు లాంటి మగగొంతు మాటలకి, వెన్న లాంటి ఆడగొంతు పద్యానికి. రెండూ ఒకే కంఠంలో ఎలా ఇమిడేవో ఎవరికీ తెలియదు.

నేను వన్స్‌మోర్ అనలేదు.

మా ఆవిడ నాగేంద్రానికి చెప్పలేదు. సాయంత్రం అయిదింటికి రోజూలాగే పెట్టెకు కీ ఇచ్చి ప్లేటు పెట్టాను. ఉన్నది ఒక్కటే ప్లేటు. అదే పద్యం. ఓవర్సీరు గారు బదిలీ మీద వెళ్తూ గ్రామఫోనుతో పాటు వదిలి వెళ్ళినది. నాగేంద్రం గోడవైపు తిరిగి కూర్చుని వెంకటపతితో గొంతు కలిపింది. మా బాబు పోయి రెండేళ్ళు. ఆ రెండేళ్ళలో ఆమె నోరు విప్పేది రోజుకు ఈ మూడు నిమిషాలే. నాతో మాట లేదు. ప్లేటుతో ఉంది.

పద్యం అయ్యాక వెంకటపతి తన మగగొంతుతో "నా పేరు వెంకటపతి. బందరు" అంటాడు. పాటగాళ్ళందరూ ప్లేటు చివర అలా పేరు చెప్పుకుంటారు. రోజూ వినేదే. ఇవాళ ఆ మాట అవగానే పెట్టె మూత వేశాను.

గ్రామఫోను ముళ్ళు: వాడినది ఒకటి. డబ్బాలో మిగిలినవి అరవై మూడు.

ఫిబ్రవరి 6

పడవలు పన్నెండు.

దర్జీ దైవాధీనం గుండు చేయించుకుని వచ్చాడు. వెనక ఇంకో అయిదుగురు, అందరివీ గుండ్లే. మొన్నటిదాకా అందరివీ వెంకటపతి క్రాపులు. గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది.

"లక్ష్మయ్య బావా, పదిరోజులు నీ పెట్టె మూత తియ్యకు. మైల" అన్నాడు.

"మైల వాళ్ళింట్లో వాళ్ళకి కదయ్యా."

"మరి మేమెవరం?"

పక్కింటి రాజమ్మ పాలచెంబు పట్టుకుని వస్తూ ఆగింది. "ఒరే దైవాధీనం, మీ నాన్న పోయినప్పుడు క్రాపు పాడవుద్దని పైపైన కత్తిరించుకుని సరిపెట్టావు. ఇప్పుడు నున్నగా గుండా?"

"నాన్న ముసలాడై పోయాడత్తా. ఈయన్ని మనం చంపుకున్నాం." వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మొదటిది నేనే అరిచాను. రెండోది అందరం. మూడోది ఎవడు అరిచాడో గానీ..."

"నేను అనలేదు" అన్నాను.

"నువ్వు అనవులే బావా. నీ గొంతు ఎవడు విన్నాడు గనక."

అయిదింటికి ప్లేటు పెట్టలేదు. నాగేంద్రం గోడవైపు తిరిగి కూర్చుని, చీకటి పడేదాకా అలాగే ఉంది.

ఫిబ్రవరి 7

ముళ్ళు అరవై రెండే ఉన్నాయి. నిన్న పెట్టె తియ్యలేదు. మొన్న లెక్క తప్పి ఉంటాను.

ఫిబ్రవరి 8

అరవై ఒకటి.

నా లెక్క తప్పదు. నేను బడికి వెళ్ళలేదు. పడవల మీద రంగుతో రాసిన పేర్లు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. అంకెలు అంతకు ముందే వచ్చు. పదహారేళ్ళుగా ఈ లాకులో ఎన్ని పడవలు ఎక్కాయో ఎన్ని దిగాయో నా పుస్తకంలో ఉంది. ఇంతవరకు ఏ ఓవర్సీరూ దిద్దలేదు.

బందరు హనీఫ్ గ్రామఫోన్లు బాగుచేస్తాడు. పెట్టె నాకు వచ్చిన కొత్తలో అతనే చెప్పాడు: "ఒక్కసారి తిరిగితే ముల్లు మొన అరిగిపోద్దండి. మళ్ళీ అదే పెట్టారనుకోండి, పాటని గీరేస్తది. ఒక పాటకి ఒక ముల్లు." అప్పటి నుంచి ముళ్ళ లెక్క కూడా రాస్తున్నాను. వాడినవి కొబ్బరిచిప్పలో వేస్తాను.

చిప్పలో పైన రెండు ముళ్ళు మెరుస్తున్నాయి. కిందవన్నీ తుప్పు.

ఫిబ్రవరి 9

అరవై.

దివిసీమ నుంచి వచ్చే వెంకట్రామయ్య పడవ మిట్టమధ్యాహ్నం దాటి లాకులోకి వచ్చింది. నీళ్ళు నిండేదాకా గట్టు మీద కూర్చుని, "మైల అన్నారంట కదండీ మీ ఊళ్ళో, మరి మీ ఇంటికాడ పాట వినబడతందే?" అన్నాడు.

"ఎప్పుడు?"

"ఇప్పుడే. వంపు తిరుగుతుంటే. పోయినోడి గొంతు పట్టపగలు వినేతలికి చుక్కాని మీద చెయ్యి జారిందండి. బల్లకట్టుకి కొట్టేసేవాణ్ణి."

గాలి ఎటు నుంచి ఎటు మోస్తుందో చెప్పలేం అన్నాను.

ఫిబ్రవరి 10

యాభై తొమ్మిది.

పన్నెండింటికి లాకు తలుపులు నా కింద పనిచేసే లస్కరుకి అప్పజెప్పి ఇంటికి వెళ్ళాను. రాజమ్మ గేదె దడి పక్కన నిలబడ్డాను. రెండు గొంతులూ వినబడుతున్నాయి. ఎక్కడ ఒకటి ఆగి రెండోది మొదలవుతోందో తెలియలేదు. కీ తనే ఇచ్చుకుంది. ముల్లు తనే మార్చుకుంది. బాబు పోయాక ఆమె బావి దగ్గరికి కూడా తనంతట తాను వెళ్ళలేదు.

పద్యం అయింది. "నా పేరు వెంకటపతి. బందరు" అన్నాడు.

"నేను నాగేంద్రాన్నండి" అంది.

నేను లోపలికి వెళ్ళలేదు. లాకు దగ్గరికి తిరిగి వచ్చాను. అన్నం తినలేదు. పడవలు తొమ్మిదో పదో, మధ్యాహ్నం ఒకటి రాసుకోవడం మరిచాను.

ఫిబ్రవరి 11

యాభై ఎనిమిది.

అన్నం పెడుతూ "నీ పేరేమిటి?" అని అడిగాను. ఎందుకు అడిగానో. గోడవైపు తిరిగింది.

ఫిబ్రవరి 12

యాభై ఏడు. పన్నెండింటికి నేను లాకు దగ్గరే ఉన్నాను. పని ఉంది.

ఫిబ్రవరి 13, సోమవారం

యాభై ఆరు, పొద్దున లెక్కకి.

ఇవాళ పదోరోజు. వెంకటపతి ఇంటివాళ్ళు బందరులో కర్మ చేసుకున్నారు. దైవాధీనం వాళ్ళు లాకు దిగువన కాలవగట్టు మీద తమకు తాముగా చేశారు. మీకేం హక్కుందని పురోహితుడు రానన్నాడు. మంత్రం లేకుండానే అన్నం వండి, దర్భలు పరిచి, పిండం పెట్టారు. గుడివాడ నుంచి, మొవ్వ నుంచి కూడా మనుషులు వచ్చారు. అరవై మంది దాకా. చాలావరకు గుండ్లే. బందరు నుంచి హనీఫ్ వచ్చి ఎడంగా గొడుగు కింద నిలబడ్డాడు. వెంకటపతికి పెట్టె బాగుచేసిపెట్టిన వాడు.

కాకులు వచ్చాయి. లాకు దూలం మీద వరసగా వాలాయి. పిండం వైపు చూస్తున్నాయి. కిందికి దిగలేదు.

పదకొండయింది. కాకి ముట్టకపోతే పోయినవాడికి ఏదో కోరిక మిగిలిందన్నమాట. దాన్ని కనిపెట్టి తీరుస్తామని మాట ఇవ్వాలి. ఒక్కొక్కడే ముందుకు వచ్చాడు.

"నీ తల్లిని మేం చూసుకుంటాం వెంకటపతీ!"

కాకులు కదల్లేదు.

"ఏటేటా నీ పేరున నాటకం ఆడిస్తాం!"

"బందర్లో నీ పటం పెట్టిస్తాం, నిలువెత్తుది!"

"నీ వేషం ఇంకెవడు కట్టినా వన్స్‌మోర్ అనం!" అన్నాడు దైవాధీనం, ఏడుస్తూ.

ఒక కాకి రెక్కలు విదిల్చింది. అంతే.

ఎండ నెత్తికెక్కింది. పన్నెండు కాబోతోందని నాకు తెలుసు. నాకొక్కడికే తెలుసు. కాలవ అవతల నుంచి, మా ఇంటి వైపు నుంచి, పాట మొదలైంది.

అరవై మందీ ఒక్కసారి తలలు తిప్పారు.  నీళ్ళ మీదుగా వచ్చేసరికి ఆ గొంతు దగ్గరగా ఉన్నట్టుంది. దూలం మీద కాకులు కూడా అటే తిరిగాయి. పద్యం చివరిదాకా సాగింది. తర్వాత మగగొంతు.

"నా పేరు వెంకటపతి. బందరు."

ఆ తర్వాత ఆమె అనే మాట అంత దూరం వినబడదు. నాకు వినబడింది.

నేను పిండం దగ్గరికి నడిచాను. ఇంతమందిలో నేనెప్పుడూ నోరు విప్పింది లేదు. "వెంకటపతి గారూ, మీ ప్లేటు ఇక మేం ఎవరం తిప్పం. మీ పేరు మీ చేత చెప్పించం. మీరు వెళ్ళండి" అన్నాను.

మాట పూర్తి కాకముందే కాకి దిగింది. ఒకటి కాదు, అన్నీ దిగాయి. నా కాళ్ళకు తగులుతూ తిన్నాయి.

దైవాధీనం నా చేతులు కళ్ళకద్దుకున్నాడు. "ఎంత మంచి మాట తట్టింది బావా నీకు! పాపం, మనం రోజూ పిలుస్తుంటే ఎలా వెళ్తాడు?"

హనీఫ్ గొడుగు మూశాడు. "మా వాళ్ళలో కాకి సాక్ష్యం లేదండి లక్ష్మయ్య గారూ. కానీ ఇది నేను చూశాను. నా దగ్గర ఆయన ప్లేట్లు పదకొండు ఉన్నాయి, ఇచ్చేస్తాను."

ఆ మాట వెంకటపతి మంచికే అన్నాను. ఇంకెందుకు అంటాను?

ముళ్ళు యాభై అయిదు.

ఫిబ్రవరి 14

ప్లేట్లు పోగుచేశారు. ఇరవై ఆరు అయ్యాయి. కాఫీ హోటలు ఆయన మాత్రం ఇవ్వలేదట. "కాకికి మాటిచ్చింది మీరు. నేను ఇవ్వలేదు, నా కాఫీ ఇవ్వలేదు" అన్నాడట. దైవాధీనం వెళ్ళి ఆయన బల్ల మీద పిండం పెడతానని బెదిరిస్తే ఇచ్చాడు.

మాది నేనే తీశాను. నాగేంద్రం చూస్తూ ఉంది. పెట్టెలో తిరిగే పళ్ళెం మీద నుంచి ఎత్తుతుంటే ప్లేటు అంచు రెండు వేళ్ళతో పట్టుకుంది. నేను లాగలేదు. కాసేపటికి తనే వదిలింది.

హనీఫ్ గోనెసంచిలో గడ్డి వేసి సర్దుకుని రైలెక్కాడు. బందరు నుంచి పడవ మీద హంసలదీవి తీసుకెళ్ళి, కృష్ణ సముద్రంలో కలిసేచోట ముంచుతారు.

ఫిబ్రవరి 15

పడవలు పదమూడు. ముళ్ళు యాభై అయిదు.

ఫిబ్రవరి 16

యాభై అయిదు. పన్నెండింటికి ఇంటికి వెళ్ళాను. పెట్టె ముందు కూర్చుని ఉంది. ఖాళీ పళ్ళెం తిరగడం చూస్తోంది. ముల్లు పెట్టలేదు. నన్ను చూసి గోడవైపు తిరిగింది.

ఫిబ్రవరి 18

హనీఫ్ కార్డు రాశాడు. అన్నీ ముంచారట. అల కూడా లేదట.

నాగేంద్రం రెండు ముద్దలు తిని లేచిపోయింది.

ఫిబ్రవరి 19, ఆదివారం

మూడోది నాది.

మొదటి రెండూ అయ్యాక జనం ఊరుకున్నారు. ఆయన తర్వాతి మాటకు నోరు తెరిచాడు కూడా. చివరి రెండు పాదాలు నాకు ఇంకా పట్టుబడలేదు. మా ప్లేటులో అవి గీసుకుపోయి ఉన్నాయి. పద్యం మొత్తం నేర్చుకుని నేనే పాడదామని గుడివాడ వెళ్ళాను. నేను పాడితే నాతో గొంతు కలుపుతుందేమో అని. అందుకని అరిచాను. నలభై ఏళ్ళ వయసులో నేను అరిచిన అరుపు అదొక్కటే. పక్కన కూర్చున్నవాడు కూడా నా వైపు తిరగలేదు.

ఇవాళ అయిదింటికి ఆమె పక్కన కూర్చుని పాడాను. చివరి రెండు పాదాలు కూడా, గుర్తున్నంత వరకు. మొత్తం విని, నా ముఖంలోకి ఒకసారి చూసి, గోడవైపు తిరిగింది.

ఇది ఎవరికీ చెప్పలేదు. చెప్పను. ఈ పుస్తకం చదివేవాళ్ళు లేరు. నాగేంద్రానికి అక్షరం ముక్క రాదు.

ఫిబ్రవరి 21

పడవలు పదిహేను. వెంకట్రామయ్య పడవలో నుంచే కేకేశాడు. "మళ్ళీ పాడతన్నాడేంటండీ?"

యాభై అయిదు. రెండుసార్లు లెక్కపెట్టాను.

ఫిబ్రవరి 22

పన్నెండింటికి దైవాధీనం ఇంకో నలుగురితో లాకు దగ్గరికి వచ్చాడు. "కాకికి మాటిచ్చి ప్లేటు దాచావా బావా? సంచిలో ఏం పెట్టావు, అప్పడమా?"

"రండి, చూసుకోండి" అన్నాను.

దడి దగ్గరికి వచ్చేసరికి పాట వినబడుతోంది. దైవాధీనం నన్ను ఒక చూపు చూశాడు. లోపలికి వెళ్ళాం. గ్రామఫోను మూత వేసి ఉంది. దాని మీద నిన్న నేను పెట్టిన తువ్వాలు అలాగే ఉంది. నాగేంద్రం మూలన మాకు వీపు పెట్టి కూర్చుంది. పాడుతోంది. ప్లేటు గీసుకుపోయినచోట ముల్లు కసుక్కుమనేది. ఆ కసుక్కుతో సహా పాడింది. పాట వెనక బుసలాంటి చప్పుడు ఉండేది, అది కూడా వస్తోంది. ఎక్కడి నుంచి వస్తోందో తెలియలేదు.

పద్యం అయింది. భుజాలు వెడల్పు చేసుకుని నిటారుగా కూర్చుంది.

"నా పేరు వెంకటపతి. బందరు."

దైవాధీనం గడపలోనే సాష్టాంగపడ్డాడు. నేను ఎదురుచూశాను. ఆ తర్వాత ఆమె అనే మాట కోసం. అనలేదు.

వెనక నుంచి ఎవడో, తనకే తెలియకుండా, "వన్స్‌మోర్" అన్నాడు.

మళ్ళీ పాడింది. అదే పద్యం, అదే కసుక్కు, అదే పేరు. మెడ మీద నరాలు పొంగాయి. జాకెట్టు తడిసింది. చెయ్యి మెల్లగా గుండె మీదికి వచ్చింది. వాడు మళ్ళీ నోరు తెరిచాడు.

వాడి నోరు మూశాను. అయిదుగురినీ బయటికి నెట్టాను. నాకు అంత బలం ఉందని తెలియదు. "మూడోసారి వద్దు" అన్నాను. "చంపేస్తాను, మూడోసారి పాడమంటే."

"నేను అనలేదు బావా, నేను అనలేదు" అంటున్నాడు దైవాధీనం.

రాజమ్మ దడి మీద నుంచి చూస్తోంది. "పెట్టెలోంచి దింపారు, బాగానే ఉంది. మళ్ళీ ఎక్కడ ఎక్కాడో ఎవరన్నా చూసుకున్నారా?"

ఫిబ్రవరి 23

గట్టు మీద ముప్ఫై మంది. కొబ్బరికాయలు, పళ్ళు తెచ్చారు. గుండ్ల మీద జుట్టు మొలుస్తోంది. నేను తలుపు వేసి, తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను. ఎవరూ వన్స్‌మోర్ అనలేదు. ఒకసారి పాడి ఊరుకుంది.

అన్నం ముట్టలేదు. పేరు పెట్టి పిలిచాను. నాగేంద్రం అన్నాను. నాగేంద్రమ్మా అన్నాను. బాబు పేరు పెట్టి, వాళ్ళమ్మా అన్నాను. నా వైపు చూడలేదు. వినబడనట్టు కాదు. వేరే ఎవరినో పిలుస్తున్నట్టు.

ఫిబ్రవరి 24

మంచినీళ్ళు కూడా తాగలేదు. బందరు ఆసుపత్రికి తీసుకెళ్దామంటే మంచం కోడు పట్టుకుని వదల్లేదు. రాజమ్మ వచ్చి పెట్టబోయింది, నోరు తెరవలేదు. "ఇంకో రెండ్రోజులు ఇలాగే ఉంటే మనిషి దక్కదు లక్ష్మయ్యా" అంది.

పన్నెండింటికి పాడింది. గొంతు మాత్రం కొంచెం కూడా తగ్గలేదు.

పడవలు రాయలేదు.

ఫిబ్రవరి 25, శనివారం

పడవలు పదకొండు. ధాన్యం ఎనిమిది, ఖాళీవి మూడు. ముళ్ళు యాభై అయిదు, వాడినవి లేవు.

పన్నెండు దాటాక పీట వేశాను. ఆకు వేసి, పప్పు, నెయ్యి, గోంగూర వడ్డించాను. చేతులు కడుక్కుని ఆమెకు ఎదురుగా నిలబడ్డాను. 

"వెంకటపతి గారూ, వడ్డించాను. రండి" అన్నాను.

లేచింది. వచ్చి పీట మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఔపోసన పట్టి, వంచిన తల ఎత్తకుండా కడుపునిండా తిన్నది. మజ్జిగ అడక్కుండానే పోశాను. చేతికి నీళ్ళిచ్చాను. మూతి తుడుచుకుని, రెండేళ్ళ తర్వాత, నా ముఖంలోకి చూసి నాతో మాట్లాడింది.

"ఆ మూడో కేక మీదే కదండీ?"

"అవునండీ" అన్నాను.